శుక్రకణం కాలపట్టిక: ఏ ప్రోటీన్ ఎప్పుడు?

మీ ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకుంటూ ఉంటే, ఫ్రిజ్ తలుపు అరలో చిన్న గాజుసీసా చూసే ఉంటారు. ఒక రకం ఇన్సులిన్ నీళ్ళలా తేటగా ఉంటుంది. ఇంకో రకం పలచని మజ్జిగలా తెల్లగా ఉంటుంది. ఆ తెల్లటి సీసాను సూదిలోకి ఎక్కించే ముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించమని డాక్టరు చెబుతారు. ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఇన్సులిన్‌కు ప్రోటమిన్ అనే చిన్న ప్రోటీన్ కలిపితే వచ్చే తెలుపు అది. ప్రోటమిన్‌తో జతకట్టిన ఇన్సులిన్ చర్మం కింద నెమ్మదిగా కరుగుతూ గంటల తరబడి పనిచేస్తుంది. డెన్మార్క్‌కు చెందిన హాగెడోర్న్ 1936లో ఈ కిటుకు కనిపెట్టారు. సీసా మీద ఎన్.పి.హెచ్. అని ఉంటే అందులో 'పి' ప్రోటమిన్, 'హెచ్' హాగెడోర్న్. గుండె ఆపరేషన్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కదా, ఆపరేషన్ అయ్యాక దానికి విరుగుడుగా ఇచ్చేది కూడా ప్రోటమినే. ఇన్ని ప్రాణాలకు పనికొస్తున్న ఈ ప్రోటీన్‌ను మొదట తీసింది సాల్మన్ చేప శుక్రకణాల నుంచి.

తీసినవారు స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రెడరిక్ మీషర్. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఆసుపత్రి గాయపు కట్ల మీది చీము కణాల నుంచి కేంద్రక పదార్థాన్ని వేరుచేసి 'న్యూక్లీన్' అని పేరు పెట్టింది ఈయనే. నేడు మనం డి.ఎన్.ఎ. అంటున్నది అదే. తరువాత ఆయన సొంత ఊరు బాసెల్‌కు తిరిగివచ్చారు. ఆ ఊరి మీదుగానే రైన్ నది పారుతుంది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలు అప్పట్లో అక్కడ బాగా దొరికేవి. శుక్రకణం తలలో కేంద్రకం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి కేంద్రకాన్ని పరిశీలించడానికి ఇంతకంటే మంచి సరుకు లేదని ఆయన గ్రహించారు. ఆమ్ల గుణం గల న్యూక్లీన్‌తో పాటు, దానిని గట్టిగా అంటిపెట్టుకుని ఉన్న క్షార గుణం గల మరో పదార్థం ఆయనకు దొరికింది. 1874లో దానికి ప్రోటమిన్ అని పేరు పెట్టారు.

అది శుక్రకణంలో ఎందుకుంది, ఎప్పుడు తయారవుతుంది, వేళ తప్పి తయారైతే ఏమవుతుంది? ఈ ప్రసంగంలో ముఖ్యంగా చూడబోయేది ఇదే.

విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట. మేము ఇంటర్ చదివే రోజుల్లో ప్రత్యుత్పత్తి అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి మా మాస్టారు "ఇది ఇంటి దగ్గర మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవారు. కొన్ని తరగతుల్లో ఇప్పటికీ ఇదే జరుగుతోందని నాకు తెలుసు. గుండె గురించి, మూత్రపిండం గురించి చదివినట్టే దీన్నీ చదవాలి. చదవకపోతే ఏం నష్టమో చివరలో మీకే తెలుస్తుంది.

ప్రసారంలో ఇక్కడ ఒక చిత్రం చూపించాం. పుస్తకంలో చదువుతున్నవారు ఒక కాగితం తీసుకుని ఒక పెద్ద గొట్టాన్ని అడ్డంగా కోసినట్టు వలయం గీయండి. ఇది ముష్కంలోని శుక్రోత్పాదక నాళిక. వలయం అంచును ఆనుకుని ఉండేవి శుక్రమాతృకలు. ఇవి సమవిభజన ద్వారా తమ సంఖ్యను పెంచుకుంటాయి. వాటిలో కొన్ని లోపలి వైపుకు జరిగి క్షయకరణ విభజన మొదలుపెడతాయి. 46 క్రోమోసోములున్న కణం నుంచి 23 క్రోమోసోములున్న నాలుగు కణాలు వస్తాయి. వీటిని స్పెర్మాటిడ్‌లు అంటారు. అప్పటికి ఇవి గుండ్రంగా, చూడడానికి మామూలు కణాల్లాగే ఉంటాయి. తోక లేదు, ఈత లేదు. ఇక మీదట విభజన ఉండదు, రూపం మారడమే ఉంటుంది. గుండ్రటి కణం పొడవుగా సాగుతుంది, ఒక పక్క టోపీలా ఎక్రోసోమ్ అమరుతుంది, రెండో పక్క తోక మొలుస్తుంది, కేంద్రకం కుదించుకుపోతుంది. మిగిలిన కణద్రవ్యమంతా మూటలా విడిపోతుంది. ఆ మూటను పక్కనున్న సెర్టోలి కణం మింగేస్తుంది. 1865లో ఈ కణాలను వర్ణించిన ఇటలీ శాస్త్రవేత్త ఎన్రికో సెర్టోలి పేరే వీటికి వచ్చింది. మనిషిలో ఈ ప్రయాణమంతా సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తరువాత ఎపిడిడిమిస్‌లో మరికొన్ని రోజులు గడిస్తే గానీ శుక్రకణానికి ఈత, అండాన్ని చేరే శక్తి రావు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అది అర్థం కావాలంటే జన్యువు 'వ్యక్తం' కావడం అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి.

మండల రెవెన్యూ కార్యాలయంలో భూముల రిజిస్టర్లు రికార్డు గదిలో ఉంటాయి. అసలు రిజిస్టరును ఎవరి చేతికీ ఇవ్వరు. కావలసిన పేజీకి నకలు తీసి ఇస్తారు. కణంలో డి.ఎన్.ఎ. ఆ రిజిస్టరు. వార్తాహర ఆర్.ఎన్.ఎ. దాని నకలు. నకలు తీయడాన్ని అనులేఖనం అంటాం. ఆ నకలు కేంద్రకం దాటి కణద్రవ్యంలోకి వచ్చి, రైబోసోమ్ దగ్గర అమైనో ఆమ్లాల వరుసగా మారుతుంది. దీన్ని అనువాదం అంటాం. ఫలితం ప్రోటీన్. మీ కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న రిజిస్టరు ఒక్కటే. ప్రోటీన్‌ను సూచించే జన్యువులు మనిషిలో సుమారు 20,000. ఏ కణం ఏ పేజీలకు నకళ్ళు తీసుకుంటుంది, ఎప్పుడు తీసుకుంటుంది, తీసిన నకలును ఎప్పుడు వాడుకుంటుంది అన్నదే కంటికీ కాలేయానికీ ఉన్న తేడా.

శరీరంలోని అవయవాలన్నిటిలో, మరెక్కడా పెద్దగా తెరవని పేజీలను అత్యధికంగా తెరిచేది ఏదో ఊహించండి. చాలామంది మెదడు అంటారు. స్వీడన్‌లో 2003లో మొదలైన మానవ ప్రోటీన్ అట్లాస్ పరిశోధనలో తేలింది మాత్రం ముష్కం. మిగతా అవయవాలతో పోలిస్తే ముష్కంలో ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యక్తమయ్యే జన్యువులు వెయ్యికి పైగా ఉన్నాయని 2014లో ప్రచురించారు. ఇన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లు ఎందుకంటే, శరీరం విడిచి బయటికి వెళ్ళి సొంతంగా బతకాల్సిన కణం మగవాడిలో ఇదొక్కటే.

ఇప్పుడు చిక్కు సంగతి. శుక్రకణం తల పొడవు మిల్లీమీటరులో సుమారు రెండు వందలో వంతు. అందులో ఇమడాల్సిన డి.ఎన్.ఎ.ను సాగదీసి పరిస్తే దాదాపు ఒక మీటరు. మామూలు కణాల్లో డి.ఎన్.ఎ. హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ, నేతపనివారు కండెకు నూలు చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. కండెలకు చోటు కావాలి కదా! శుక్రకణం తలలో ఆ చోటు లేదు. అందుకని కండెలను తీసేసి నూలునే బిగించి కట్టాలి. ఆ బిగించే తాడే ప్రోటమిన్.

ప్రోటమిన్ చాలా చిన్నది. మన ప్రోటమిన్-1లో సుమారు 50 అమైనో ఆమ్లాలే ఉంటాయి. వాటిలో దాదాపు సగం ఆర్జినీన్ ఒక్కటే. ఆర్జినీన్‌కు ధనావేశం, డి.ఎన్.ఎ. వెన్నెముకలోని ఫాస్ఫేట్‌కు రుణావేశం. రెండూ కలిస్తే ఆవేశాలు రద్దయి, ఒకదాన్నొకటి నెట్టుకునే డి.ఎన్.ఎ. పోగులు పక్కపక్కన ఒదిగి కూర్చుంటాయి. తరువాత ఎపిడిడిమిస్‌లో ప్రోటమిన్లలోని సిస్టీన్‌ల మధ్య గంధకపు బంధాలు ఏర్పడి ఆ మూటకు ముడి వేస్తాయి.

ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. ముందు హిస్టోన్ల మీద ఎసిటైల్ గుంపులు చేరి వాటి పట్టు సడలిస్తాయి. తరువాత మధ్యంతర ప్రోటీన్లు వచ్చి హిస్టోన్ల స్థానంలో కొద్దికాలం కూర్చుంటాయి. వాటి తరువాతే ప్రోటమిన్లు. మనిషిలో కొద్దిపాటి హిస్టోన్లు, నూటికి ఐదు నుంచి పదిహేను వంతులు, చివరి వరకూ మిగిలిపోతాయి. అవి ఊరికే మిగిలినవి కావని, పిండం ఎదుగుదలకు కావలసిన కొన్ని జన్యువుల దగ్గర ఎక్కువగా ఉన్నాయని చూపిన పరిశోధనలున్నాయి. దీని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి.

ఇంత గట్టిగా మూటకట్టాక రికార్డు గదికి సీలు పడినట్టే. ఇక నకలు తీయడం కుదరదు. కానీ తోక పూర్తికావడానికి, తల ఆకారం కుదరడానికి, ఆఖరుకు మూటకట్టే ప్రోటమిన్ తయారీకి కూడా ఆ తరువాతే ప్రోటీన్లు కావాలి. మరి ఎలా?

కణం ముందే నకళ్ళు తీసి దాచుకుంటుంది. ఎలుకలో ప్రోటమిన్ వార్తాహర ఆర్.ఎన్.ఎ. గుండ్రటి స్పెర్మాటిడ్‌లోనే తయారవుతుంది. కానీ దాదాపు వారం రోజుల పాటు దాని నుంచి ప్రోటీన్ రాదు. కొన్ని ప్రోటీన్లు ఆ నకలును పట్టుకుని, రైబోసోమ్ దగ్గరికి వెళ్ళనీయకుండా ఆపి ఉంచుతాయి. కణం సాగడం మొదలై, వేళ వచ్చాక విడిచిపెడతాయి. తేదీ వేసి ఇచ్చిన చెక్కు లాంటిదన్నమాట. చేతిలో ఉంటుంది, ఆ రోజు వచ్చేదాకా డబ్బు రాదు.

ఆ తేదీ ఎక్కడ రాసి ఉంది? అమెరికాలో రాబర్ట్ బ్రాన్, ఆయన సహచరులు దీన్ని వెదికారు. ప్రతి వార్తాహర ఆర్.ఎన్.ఎ.కు చివర ప్రోటీన్‌గా మారని తోక భాగం ఒకటి ఉంటుంది. ప్రోటమిన్ తోక భాగాన్ని వారు మానవ పెరుగుదల హార్మోన్ సమాచారానికి అతికించి ఎలుకల్లో ప్రవేశపెట్టారు. స్పెర్మాటిడ్‌కు ఆ హార్మోన్‌తో ఏ పనీ లేదు. అయినా అది ప్రోటమిన్ తయారయ్యే వేళకే తయారైంది. ప్రోటమిన్ తోక బదులు హార్మోన్ సొంత తోకే ఉంచినప్పుడు వేళకు ముందే, గుండ్రటి దశలోనే తయారైంది. అంటే తేదీ రాసి ఉన్నది ఆ తోకలోనే. ఇది 1989 నాటి ప్రయోగం.

తరువాతి ప్రయోగం 1995లో ప్రచురితమైంది. నా దృష్టిలో ఈ పాఠానికి గుండెకాయ ఇదే, కాబట్టి నిదానంగా చదవండి. ఈసారి వారు ప్రోటమిన్-1 జన్యువునే తీసుకున్నారు. ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం కూడా మార్చలేదు. తేదీ రాసిన ఆ తోకను మాత్రం మార్చి ఎలుకలో పెట్టారు. మంచి ప్రోటీనే, సరైన ప్రోటీనే, కాకపోతే కొన్ని రోజులు ముందుగా తయారైంది. ఫలితం? డి.ఎన్.ఎ. వేళకు ముందే బిగుసుకుపోయింది, తలల ఆకారం చెడింది, స్పెర్మాటిడ్‌ల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయింది, ఆ మగ ఎలుకలకు సంతానం కలగలేదు. సామాను సర్దడం అవకముందే పెట్టెకు తాళం పడితే ఏమవుతుందో అదే అయింది. జన్యువు మంచిదైతే చాలు, ప్రోటీన్ మంచిదైతే చాలు అనుకునే మనకు ఈ ఎలుకలు మూడో షరతు నేర్పాయి.

ఈ ప్రయోగంలో ఇంకో విశేషం ఉంది. పరీక్షల్లో తెలివైన విద్యార్థిని ఎవరైనా అడగగల ప్రశ్న ఇది. ఆ ఎలుకల్లో మార్చిన జన్యువు ఒక క్రోమోసోమ్ మీదే ఉంది, దాని జతమీద లేదు. క్షయకరణ విభజనలో అది సగం స్పెర్మాటిడ్‌లకే వెళుతుంది. మరి మిగతా సగం బాగుండి, ఎలుకకు పిల్లలు పుట్టాలి కదా?

పుట్టలేదు. కారణం, ఒకే మాతృక నుంచి వచ్చిన స్పెర్మాటిడ్‌లు పూర్తిగా విడిపోవు. వాటి మధ్య సన్నటి కణద్రవ్య వంతెనలు ఉంటాయి. ఆ వంతెనల గుండా ఆర్.ఎన్.ఎ., ప్రోటీన్ ఒకదాని నుంచి మరోదానికి పోతాయి. ఉమ్మడి కుటుంబంలో ఒక పొయ్యి మీద వండింది అందరి విస్తళ్ళలోకి వెళ్ళినట్టు. ఎక్స్ క్రోమోసోమ్ ఉన్న స్పెర్మాటిడ్‌కూ వై క్రోమోసోమ్ ఉన్న స్పెర్మాటిడ్‌కూ చాలావరకు ఒకే ప్రోటీన్లు అందేది ఇందువల్లే. అయితే అన్నీ పంచుకోవని, కొన్ని జన్యువుల నకళ్ళు పుట్టినచోటే ఉండిపోతాయని 2021లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. 'మగపిల్లవాడినిచ్చే కణం ఇలా ఈదుతుంది, ఆడపిల్లనిచ్చే కణం అలా ఈదుతుంది' అంటూ మందులూ పథ్యాలూ అమ్మేవారి మాటలకు మాత్రం ఇందులో ఏ ఆధారమూ లేదు.

ప్రోటమిన్ వేళే కాదు, మోతాదు కూడా ముఖ్యమే. ప్రోటమిన్-1 లేదా ప్రోటమిన్-2 జన్యువు జతలో ఒక్క ప్రతి చెడినా ఎలుకకు సంతానం కలగదని 2001లో ఒక బృందం ప్రకటించింది. 2016లో జర్మనీలో మళ్ళీ పరీక్షించినప్పుడు ప్రోటమిన్-2 విషయంలో ఒక ప్రతి ఉన్నా చాలునని తేలింది. పుస్తకంలో అచ్చయినంత మాత్రాన మాట అయిపోయినట్టు కాదు, అందుకే ఈ సంగతి కూడా చెబుతున్నాను.

ఇప్పటిదాకా కాలపట్టికలో ఆఖరి పీరియడ్ గురించి చెప్పాను. మొదటి పీరియడ్‌లలోనూ చిత్రాలున్నాయి. ఒక్కటి చెబుతాను. గ్లూకోజ్ నుంచి శక్తి తీసే దారిలో పి.జి.కె. అనే ఎంజైమ్ ఉందని మీరు చదివారు. దాని జన్యువు ఎక్స్ క్రోమోసోమ్ మీద ఉంది. క్షయకరణ విభజన సమయంలో శుక్రమాతృకణం ఎక్స్, వై క్రోమోసోములను రెండింటినీ ఒక మూలకు నెట్టి మూసేస్తుంది. అంటే ఆ పేజీ అందుబాటులో ఉండదు. శక్తి లేకపోతే కణం బతకదు. పరిణామక్రమంలో ఈ జన్యువుకు రెండో ప్రతి ఒకటి వేరే క్రోమోసోమ్ మీద వెలిసింది. మనిషిలో అది ఆరో క్రోమోసోమ్ మీద ఉంది. ఆ రెండో ప్రతి పనిచేసేది ముష్కంలోనే. మెకారీ, థామస్ అనే శాస్త్రవేత్తలు 1987లో దీన్ని వివరించారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఈ ప్రతి అసలు జన్యువు నుంచి నేరుగా రాలేదు. వార్తాహర ఆర్.ఎన్.ఎ. ఒకటి ఎప్పుడో తిరిగి డి.ఎన్.ఎ.గా మారి క్రోమోసోమ్‌లో చేరిపోయింది. నకలే రిజిస్టరులో కొత్త పేజీ అయిందన్నమాట!

తోక గురించి తక్కువగానే చెబుతాను, ఎందుకంటే మీ పాఠ్యపుస్తకంలో శైలికలు, కశాభాల నిర్మాణం బాగానే ఉంది. తోకను ఆడించేది డైనీన్ అనే ప్రోటీన్. 1976లో స్వీడన్‌కు చెందిన అఫ్జీలియస్, కదలిక లేని శుక్రకణాలున్న కొందరు పురుషులను పరీక్షించారు. వారి శుక్రకణాల తోకల్లో డైనీన్ చేతులు లేవు. వారికి చిన్నప్పటి నుంచి దగ్గు, సైనస్ బాధలు ఉన్నాయి. కొందరికి గుండె కుడివైపు ఉంది. ఊపిరితిత్తుల గొట్టాలను శుభ్రం చేసే శైలికల్లోనూ, పిండదశలో కుడి ఎడమలను నిర్ణయించే శైలికల్లోనూ ఉండేది ఈ డైనీన్ కుటుంబమే. అందుకే శుక్రకణం తోకలో తప్పు వెదుకుతూ పోయినవారికి ఊపిరితిత్తుల జబ్బుకు కారణం దొరికింది.

తలకు ముందువైపు ఇజుమో అనే ప్రోటీన్ ఉంటుంది. అండం పొరతో శుక్రకణం కలవడానికి అది తప్పనిసరి అని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో కనుగొన్నారు. పెళ్ళి సంబంధాలు కుదిర్చే దేవాలయంగా అక్కడ పేరున్న ఇజుమో ఆలయం పేరు పెట్టుకున్నారు. అండం మీద దీనికి జోడీ అయిన ప్రోటీన్ 2014లో దొరికింది. దానికి జూనో అని రోమన్ల వివాహ దేవత పేరు పెట్టారు.

ఇక మనుషుల సంగతి. పెళ్ళై మూడు నాలుగేళ్ళయి పిల్లలు లేకపోతే మన ఇళ్ళలో మొదట ఎవరిని అడుగుతారు? కోడలిని. గుళ్ళకు తిప్పేదీ, మందులు మింగించేదీ ఆమెచేతే. చివరికి మాటలు పడేదీ ఆమే. సంతానం కలగని జంటల్లో ఇంచుమించు సగం సందర్భాల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ప్రతి వందమంది మగవారిలో సుమారు ఒకరి వీర్యంలో శుక్రకణాలే ఉండవు. బయటికి అతడు ఆరోగ్యంగానే ఉంటాడు. దాంపత్య జీవితంలో లోటేమీ ఉండదు. శుక్రోత్పాదక నాళికలో ఏ దశలోనో కాలపట్టిక ఆగిపోయిందని అతడికి తెలిసే దారి లేదు, పరీక్ష చేయించుకుంటే తప్ప.

1976లోనే ఇటలీకి చెందిన టియెపోలో, జుఫ్ఫార్డి 1,170 మంది పురుషుల క్రోమోసోములను సూక్ష్మదర్శిని కింద చూసి, ఆరుగురిలో వై క్రోమోసోమ్ పొడవు భుజం చివర తెగిపోయిందని గుర్తించారు. ఆ ఆరుగురికీ శుక్రకణాలు లేవు. 1995లో అమెరికాలో డేవిడ్ పేజ్ బృందం ఆ తెగిన భాగంలో డాజ్ అనే జన్యువును పట్టుకుంది. అది తయారుచేసే ప్రోటీన్ పని ఏమిటో తెలుసా? వార్తాహర ఆర్.ఎన్.ఎ.లను పట్టుకుని వాటి అనువాదాన్ని నడిపించడం. ఇందాక చెప్పుకున్న చెక్కుల వ్యవహారంలో ఇదీ ఒక గుమాస్తాయే.

మన దేశంలో ఈ పని హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి.లో జరిగింది. తంగరాజ్, లాల్జీ సింగ్, వారి సహచరులు శుక్రకణాలు లేని 340 మంది భారతీయ పురుషుల వై క్రోమోసోమ్‌ను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. 29 మందిలో, అంటే నూటికి ఎనిమిదిన్నర మందిలో, వై క్రోమోసోమ్‌లో ముక్కలు లోపించాయి. అలాంటి ఇంటిలో ఎన్నేళ్ళపాటు కోడలు మందులు మింగినా ఏం ప్రయోజనం?

ఈ పరీక్షకు ఇంకో ఉపయోగం ఉంది. 1992 నుంచి ఒక్క శుక్రకణాన్ని తీసి నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి వచ్చింది. డాజ్ ఉన్న భాగం మాత్రమే తెగినవారిలో కొందరికి ముష్కం నుంచి కొద్దిపాటి శుక్రకణాలు దొరుకుతాయి. ఈ పద్ధతిలో వారు తండ్రులు కాగలరు. కానీ కొడుకు పుడితే తెగిన వై క్రోమోసోమే అతడికీ వస్తుంది. ఆ మాట ముందే దంపతులకు చెప్పాలి. వై మీద మరో భాగం, 'ఎ' అని పిలిచేది, మొత్తంగా తెగిపోతే శుక్రకణాలు దొరికే ఆశ దాదాపు లేదు. అప్పుడు అనవసరమైన శస్త్రచికిత్స తప్పుతుంది.

అన్ని లోపాలూ జన్యువుల్లోనే ఉండవని కూడా గుర్తుంచుకోండి. ముష్కాలు శరీరం వెలుపల సంచిలో ఉండేది రెండు మూడు డిగ్రీల చల్లదనం కోసమే. పుట్టినప్పుడు అవి సంచిలోకి దిగని మగశిశువులు ఉంటారు. మొదటి ఏడాది, ఏడాదిన్నర లోపల సరిచేయించాలి. ఒకరికి తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గితే శుక్రకణాల సంఖ్య వెంటనే కాదు, కొన్ని వారాల తరువాత పడిపోతుంది. మళ్ళీ కోలుకోవడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. 74 రోజుల లెక్క తెలిసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. ఒక్క పరీక్ష చూసి కంగారుపడకుండా కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయిస్తారు డాక్టర్లు.

చివరగా, ఇంకా తేలని ప్రశ్న ఒకటి. బయటికి వచ్చేసిన శుక్రకణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోగలదా? కణద్రవ్యం మూట వదిలేసింది, రికార్డు గదికి సీలు పడింది కాబట్టి చేయలేదని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. తరువాతి కాలంలో హైదరాబాద్‌లో సి.సి.ఎం.బి.ని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ, యువకుడిగా ఇంగ్లండులో ఉన్నప్పుడు ఎద్దు శుక్రకణాలతో పనిచేశారు. రేడియోధార్మిక కార్బన్ ఉన్న అమైనో ఆమ్లాలు వాటికిస్తే అవి ప్రోటీన్లలో చేరుతున్నాయని ఆయన, బిషప్, వర్క్ 1959లో ప్రచురించారు. శుక్రకణం మెడ దగ్గరి మైటోకాండ్రియాలకు సొంత డి.ఎన్.ఎ. ఉంది కాబట్టి అవి తమవరకు తయారుచేసుకుంటున్నాయని సరిపెట్టుకోవచ్చు. 2006లో ఇజ్రాయెల్‌కు చెందిన గుర్, బ్రెయిట్‌బార్ట్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. కేంద్రక జన్యువుల నుంచి వచ్చి మిగిలిపోయిన నకళ్ళను కూడా మైటోకాండ్రియా రైబోసోములు అనువదిస్తున్నాయని వారి వాదన. అందరూ ఒప్పుకోలేదు. మీలో ఎవరైనా పరిశోధన వైపు వెళితే ఈ ప్రశ్న మీకోసం ఎదురుచూస్తోంది.

అండంలోకి ప్రవేశించాక ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. అంత జాగ్రత్తగా, వేళ చూసి, తేదీ వేసి తయారుచేసుకున్న ప్రోటమిన్లను అండం కొద్ది గంటల్లోనే విప్పి పారేస్తుంది. గంధకపు ముడులు ఊడదీసి, తండ్రి డి.ఎన్.ఎ.ను తల్లి తయారుచేసి ఉంచిన హిస్టోన్ కండెలకు చుడుతుంది. ఆ హిస్టోన్లను అండం ఎప్పుడు తయారుచేసుకుంది, ఎన్నేళ్ళ ముందు నుంచి సిద్ధపడింది అన్నది తరువాతి ప్రసంగంలో చూద్దాం. అంతవరకు, మీరు గీసిన వలయం దగ్గర ఒక్కొక్క కణం పక్కన అది తయారుచేసే ప్రోటీన్ పేరు రాసి ఉంచండి.